ఆవును కుక్క కరిస్తే ఎవరికి చెప్పాలి?

మనిషిని కుక్క కరిస్తే ఏం చేయాలో ఇప్పుడు చిన్నపిల్లలు కూడా చెప్తారు, సబ్బుతో కడగాలి, ఆసుపత్రికి పోవాలి, సూదులు వేయించుకోవాలి అని. అదే కుక్క మన ఆవును కరిస్తే? మన పెంపుడు కుక్కను కరిస్తే? ఈ ప్రశ్నకు మా ఇంట్లో, మా చిన్నమ్మ వాళ్ళ ఊళ్ళో, తర్వాత తిరిగిన ఆఫీసుల్లో తలా ఒక మాట చెప్పారు. జంతువుల రేబిస్ గురించి చట్టాలు, రూల్సు చాలానే ఉన్నాయి. కాకపోతే పశుసంవర్ధక శాఖ దగ్గర కొంత, మునిసిపాలిటీ దగ్గర కొంత, ఆరోగ్య శాఖ దగ్గర కొంత చెల్లాచెదురుగా పడి ఉన్నాయి, ఒకరి దగ్గరున్నది ఇంకొకరికి తెలియదు. మేము అన్ని చోట్లా తిరిగాం కాబట్టి రాసి పెడుతున్నా, ఎవరికైనా పనికొస్తుంది.

మేముండేది తిరుపతిలో, ఎమ్మార్‌పల్లి వైపు. చిన్నమ్మ వాళ్ళది చంద్రగిరి దాటినాక ఒక పల్లె, రెండు జెర్సీ క్రాసు ఆవులు, ఒక దూడ ఉన్నాయి. నేను ఆదివారం ఆ పక్కకు పోతే మా బుజ్జిగాడిని కూడా తీసుకుపోతాను. వాడు నాటు కుక్క, కారెక్కడమంటే పిచ్చి సంతోషం. కార్తీకమాసంలో అట్లాగే పోయాం. సాయంత్రం నాలుగింటప్పుడు రోడ్డు వైపు నుంచి ఒక కుక్క వచ్చింది, ఊరి కుక్క కాదు, ఎవరూ ఎప్పుడూ చూసింది కాదు. మొరగడం లేదు, గుర్రుమనడం లేదు, నోరు సగం తెరుచుకుని చొంగ కారుతూ ఉంది. ముందు నిలబెట్టి ఉన్న స్కూటర్ టైరును కరిచింది. ఆ తర్వాత బుజ్జిగాడి భుజం పట్టుకుంది. మేము కర్రలు తీసుకుని అరిచేసరికి వాడిని వదిలేసి పందిట్లో కట్టేసిన ఆవు దగ్గరికి పోయింది. ఆవులకు ఒక అలవాటు ఉంది, కొత్త జంతువు దగ్గరికొస్తే తల వంచి వాసన చూస్తాయి. అందుకే పశువులకు కుక్క కాట్లు ఎక్కువగా మూతి మీదే పడతాయని తర్వాత పశువుల డాక్టర్ మేడం చెప్పింది. మా ఆవుకీ అక్కడే, ముక్కు పక్కన పైపెదవి మీద రెండు పళ్ళు దిగాయి. ఊళ్ళో పిల్లలు తరిమితే అది వంక వైపు పరిగెత్తింది, ఇక కనబడలేదు.

నేను ఫోన్ పట్టుకుని మా ఫ్రెండు వాళ్ళ చెల్లెలికి చేశాను, ఆ అమ్మాయి తిరుపతి వెటర్నరీ కాలేజీలోనే చదివింది. నేను ఫోన్ మాట్లాడి వచ్చేలోపు చిన్నాయన ఆవు మూతిమీది రక్తం, చొంగ అన్నీ ఉత్త చేతుల్తో తుడిచేసి, సున్నం డబ్బా తెచ్చి పెట్టుకున్నాడు. పక్కింటాయన పసుపు, కారం కలిపి పట్టమంటున్నాడు. ఇంకొకాయన, ఆకుపసరు పోసే మనిషి పాకాల పక్కన ఉన్నాడు, మూడు ఆదివారాలు పోయిస్తే చాలు, నూనె వస్తువులు తినకుండా పథ్యం చేయాలంతే అన్నాడు. ఆవుకు నూనె వస్తువులు ఎవరు పెడతారో అడగలేదు నేను.

ఫోన్‌లో ఆ అమ్మాయి చెప్పింది చాలా సింపుల్. చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కోండి, కుళాయి నీళ్ళు ధారగా పోస్తూ బట్టల సబ్బుతో గాయాన్ని 15 నిమిషాలు కడగండి, తర్వాత బెటాడిన్ రాయండి, కట్టు కట్టొద్దు, కుట్లు వేయించొద్దు, సున్నం, కారం, పసుపు ఏవీ పెట్టొద్దు. రేబిస్ వైరస్ పైన కొవ్వు పొర ఉంటుందంట, సబ్బు ఆ పొరను కరిగించేస్తుంది, కాబట్టి కడగడమే సగం వైద్యం అంది. 15 నిమిషాలంటే వినడానికి ఏముంది అనిపిస్తుంది గానీ, మూతి పట్టుకుంటే విదిలించుకునే ఆవును పట్టుకుని, ముక్కులోకి నురగ పోకుండా కడగడం అంటే ఇద్దరు మగవాళ్ళ పని. బుజ్జిగాడు బుద్ధిమంతుడిలా నిలబడ్డాడు, వాడికి స్నానం అనుకున్నట్టున్నాడు.

అప్పుడు చూశాను చిన్నాయన చేతులు. పొద్దున గడ్డి కోసినప్పుడు వేళ్ళ మీద కొడవలి గీరిన గాట్లు, ఇంకా పచ్చిగానే ఉన్నాయి. వాటితోనే కదా చొంగ తుడిచింది. నాకు అసలు టెన్షన్ అక్కడ మొదలైంది. "నన్ను కరవలేదు కదరా అబ్బోడా, ఆవును కదా కరిచినాది" అంటాడు. రాత్రికి రాత్రి తిరుపతి తీసుకొచ్చి రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించాం. ఎక్కడ కరిచింది అని అడిగితే చిన్నాయన "నన్ను కాదు సార్, మా ఆవును" అన్నాడు, వెనక నిలబడినవాళ్ళు నవ్వారు గానీ డాక్టర్ నవ్వలేదు. వేళ్ళు తిప్పి తిప్పి చూసి, తెగిన చర్మం మీద అనుమానం ఉన్న జంతువు చొంగ పడితే అది మూడో కేటగిరీ, కరిచినదానితో సమానం అన్నాడు. చర్మం బాగుండి చొంగ తగిలితే మొదటి కేటగిరీ, దానికి కడుక్కుంటే చాలు, టీకా అక్కర్లేదు. రక్తం రాకుండా గీరితే రెండోది, దానికి టీకా. మూడోదానికి టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ అనే సీరం కూడా ఉంటుంది, అది నేరుగా గాయం చుట్టూ ఎక్కిస్తారు. వేలి కొసలో సూది అంటే ఎట్లా ఉంటుందో మీరే ఊహించుకోండి, అరవై దాటిన మనిషి పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాడు.

ఆయన అంతవరకు భయపడింది మాత్రం దీనికి కాదు, బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులకు. మా పెద్దవాళ్ళలో ఈ భయం ఇంకా పోలేదు, దీనివల్లే చాలామంది ఆసుపత్రికి పోకుండా పసరు వైద్యానికి పోతారు. అది గొర్రె మెదడు నుంచి తయారుచేసే పాత టీకా, 2005 నాటికే మన దేశంలో ఆపేశారు. ఇప్పుడు భుజాల మీద చర్మంలోకి చిన్న చిన్న డోసులు, రెండు వైపులా, మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 28 రోజులకు. ప్రభుత్వ ఆసుపత్రిలో డబ్బు కూడా ఏమీ తీసుకోరు. పాలు పితికే చిన్నమ్మ చేతులు కూడా చూపించాం, ఎక్కడా చర్మం చిట్లలేదు కాబట్టి ఆమెకు అక్కర్లేదన్నారు.

తెల్లారి ఆవు సంగతి. పశువుల ఆసుపత్రికి పోయాం, ఏ ఊరిదో చెప్పను, అక్కడ ఆ రోజు రేబిస్ టీకా స్టాకు లేదు. గాలికుంటుకు, గొంతువాపుకు ఉన్నట్టు రేబిస్‌కు పశువుల్లో మామూలుగా టీకాలు వేయరు, కాటు పడినప్పుడే వేస్తారు, అందువల్ల అన్ని చోట్లా ఎప్పుడూ ఉంచరు. డాక్టర్ మేడం మాత్రం చాలా ఓపిగ్గా చెప్పింది. ఆమె అడిగిన మొదటి ప్రశ్న, కరిచిన కుక్క ఎక్కడ? ఎందుకంటే రేబిస్ ఉన్న కుక్క చొంగలో వైరస్ కనబడటం మొదలైన తర్వాత అది ఎక్కువ రోజులు బతకదు. కరిచిన కుక్క 10 రోజులు మామూలుగా తిని తిరుగుతూ ఉందంటే, కరిచిన రోజున దాని నోట్లో వైరస్ లేనట్టే. ఈ లెక్క కుక్కలకు, పిల్లులకు మాత్రమే పనిచేస్తుంది, ఆవుకో కోతికో నక్కకో పనికిరాదు. మా ఆవును కరిచిన కుక్క వంకలో మాయమైపోయింది కాబట్టి దాన్ని పిచ్చికుక్కగానే లెక్కేసుకోవాలి అంది. ఒకవేళ అది చచ్చి దొరికుంటే మెదడు శాంపిల్ ల్యాబ్‌కు పంపి తేల్చేవాళ్ళు, బతికున్న జంతువులో రేబిస్‌ను నమ్మకంగా తేల్చే రక్తపరీక్ష లేదు. ఊళ్ళోవాళ్ళు రెండు రోజులు వంక పొడుగునా వెతికారు, ఏమీ దొరకలేదు.

టీకా లెక్క ఇట్లా చెప్పింది. ఆవుకు ఇంతకుముందు ఎప్పుడూ రేబిస్ టీకా పడలేదు కాబట్టి మొదటి రోజు, 3, 7, 14, 28, మొత్తం ఐదు డోసులు. బుజ్జిగాడికి జూలై 6న వేయించి ఉన్నాం. 1885లో పాశ్చర్ అనే శాస్త్రవేత్త మొదటిసారి ఒక పిల్లవాడికి రేబిస్ టీకా వేసిన రోజని ఆ తేదీన జూనోసిస్ డే, అంటే జంతువుల నుంచి మనుషులకు అంటే జబ్బుల రోజు, చేస్తారు, పశువుల ఆసుపత్రుల్లో ఆ రోజు కుక్కలకు ఉచితంగా వేస్తారు, పొద్దున్నే పోతే క్యూ తక్కువ. టీకా గడువులో ఉన్న కుక్క కాబట్టి వాడికి వెంటనే ఒకటి, మూడో రోజు ఇంకొకటి బూస్టర్ వేసి, 45 రోజులు ఇంట్లోనే కట్టేసి గమనించమంది. అదే టీకా లేని కుక్కయితే ఐదు డోసులు వేసినా నెలల తరబడి విడిగా ఉంచాల్సి వచ్చేదంట.

అంటే ఒకే ఇంట్లో మూడు ప్రాణాలకు మూడు లెక్కలు. చిన్నాయనకు 14వ రోజు లేదు, ఆవుకు ఉంది, కుక్కకు మూడో రోజుతో సరి. చిన్నమ్మ టీటీడీ క్యాలెండర్ తీసి ఆవు రోజులకు పసుపు బొట్టు, ఆయన రోజులకు కుంకుమ బొట్టు పెట్టింది. ఏకాదశి, సంకటహర చవితి పక్కన ఈ బొట్లు చూసి ఎవరో ఏం వ్రతం అని అడిగారంట.

టీకా మేమే బయట కొన్నాం. ఇక్కడ ఒక మాట, జంతువుల టీకా వేరు, మనుషుల టీకా వేరు. రక్షారాబ్ అని జంతువులకు దొరుకుతుంది, మనుషులకు వేసేది అభయ్‌రాబ్, రెండూ ఒకే కంపెనీవి, పేర్లు దగ్గరగా ఉంటాయి, మెడికల్ షాపులో పేరు సరిగ్గా చెప్పి సీసా మీద చదివి తీసుకోండి. దీన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గడ్డకట్టకూడదు, వేడెక్కకూడదు. మొదటిసారి షాపువాడు మామూలు కవర్లో వేసి ఇవ్వబోయాడు, నేను ఇంటి నుంచి టిఫిన్ ఫ్లాస్కులో ఐసు ముక్కలు, వాటి మీద మడిచిన గుడ్డ, గుడ్డ మీద సీసా పెట్టి పల్లెకు తీసుకుపోయాను. సీసా నేరుగా ఐసుకు తగిలితే గడ్డకట్టే ప్రమాదం ఉందని మేడం ముందే చెప్పింది. ఊళ్ళో రైతు సేవా కేంద్రంలో ఉండే పశుసంవర్ధక సహాయకుడు వచ్చి వేశాడు. ఆ అబ్బాయి ప్రతిసారీ సీసా మీది బ్యాచి నంబరు, గడువు తేదీ చదివి, కార్డులో రాసి, సంతకం పెట్టి, ఆవు చెవి ట్యాగు మీది 12 అంకెల నంబరు కూడా పక్కన ఎక్కించాడు. ఆ చాదస్తం ఎంత పనికొచ్చిందో ముందు ముందు చెప్తా.

పాల గొడవ వచ్చింది మధ్యలో. ఊళ్ళో ఒక్కరోజులో "వాళ్ళ ఆవుకు పిచ్చి పట్టినాదంట" అని పాకిపోయింది. చిన్నమ్మ దగ్గర ఇంటికి పాలు పోయించుకునేవాళ్ళు సగంమంది మానేశారు, ఇంకొకామె పొద్దుటి పాలు తాగేశాం మాకూ సూదులు వేయిస్తావా అని వాకిట్లో నిలబడి అరిచిపోయింది. మేడం చెప్పింది ఏమంటే, ఆవు ఇప్పటికి ఆరోగ్యంగానే ఉంది, కాటు పడినంత మాత్రాన జబ్బు వచ్చినట్టు కాదు. కాచిన పాలతో భయం లేదు, వేడికి వైరస్ చచ్చిపోతుంది, పచ్చిపాలు మాత్రం తాగొద్దు. ఏ లక్షణం కనబడినా ఆ పూట నుంచే పాలు ఎవరికీ పోయొద్దు. ఇదే మాట ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వమని అడిగాను, ఇచ్చింది. పాల కేంద్రంలో ఆ కాగితం జిరాక్సు ఇచ్చాం. కాగితం చూశాక నోళ్ళు కొంత మూతపడ్డాయి, అందరివీ కాదులెండి.

లక్షణాల విషయంలో మేడం ఒకటి గట్టిగా చెప్పింది, పశువులున్న ప్రతి ఇంట్లో తెలియాల్సింది. ఆవుకు రేబిస్ వస్తే మేత మానేస్తుంది, చొంగ కారుస్తుంది, మింగలేక ఇబ్బంది పడుతుంది, గొంతు బొంగురుపోయి అదేపనిగా అరుస్తుంది, వెనక కాళ్ళు తడబడతాయి. చూసేవాళ్ళకు గొంతులో కొబ్బరి చిప్పో గెనుసుగడ్డో అడ్డం పడినట్టు కనబడుతుంది. మన రైతులు ఏం చేస్తారు, నోరు తెరిచి చెయ్యి గొంతు దాకా పెట్టి వెతుకుతారు. వేళ్ళకు గాట్లుంటే ఇక అంతే. మూతి మీద కాటు కాబట్టి మెదడుకు దారి దగ్గర, అందుకని మా ఆవును ఇంకాస్త జాగ్రత్తగా చూడమంది. రోజుల నుంచి నెలల దాకా ఎప్పుడైనా బయటపడొచ్చు, ఐదో డోసుతో మర్చిపోవద్దు అంది. రెండో ఆవుకు, దూడకు దూరంగా దాన్ని వేరే కొట్టంలో కట్టాం, తొట్టి వేరు, బకెట్ వేరు.

ఇక ఆఫీసుల కథ. ఆ కుక్క ఇంకా ఎన్నింటిని కరిచిందో తెలియదు, ఊరి కుక్కల్ని కూడా కరిచే ఉంటుంది, అవి రేపు ఎవరి మీద పడతాయో. ఇది ఎవరో ఒకరికి చెప్పాలి కదా. ఒక ఆఫీసులో, మనుషుల్ని కరిస్తే రాసుకుంటాం, పశువులది మాకు సంబంధం లేదు అన్నారు. ఇంకొక చోట కుక్కల్ని పట్టే బండి మా హద్దులోనే తిరుగుతుంది అన్నారు. అక్కడి గోడ మీద 2030 నాటికి రేబిస్ లేని దేశం అని పోస్టర్ ఉంది, దానికిందే కూర్చుని చెప్పాడు ఆ మాట. కుక్కకు హద్దు రాయి చదవడం వచ్చా అని అడగాలనిపించింది. నోటిమాటగా అడిగినన్ని రోజులు ఇంతే.

అప్పుడు ఆ వెటర్నరీ అమ్మాయి చెప్పింది, 2009లో పార్లమెంటు పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం చేసింది, దాని షెడ్యూల్లో రేబిస్ ఉంది, షెడ్యూల్లో ఉన్న జబ్బు తన జంతువుకు ఉందని అనుమానం వస్తే యజమాని గ్రామాధికారికో పంచాయతీకో తెలియజేయాలి, వాళ్ళు దగ్గర్లోని పశువైద్యుడికి రాతపూర్వకంగా పంపాలి, ఆ జంతువును మిగతావాటి నుంచి విడిగా ఉంచాలి. అంటే చెప్పడం మన బాధ్యత, అందుకుని పైకి పంపడం వాళ్ళ బాధ్యత. తెల్లకాగితం మీద సగం పేజీ రాశాను. ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఎటు నుంచి వచ్చింది, ఎటు పోయింది, కుక్క రంగు, ఏ జంతువును ఎక్కడ కరిచింది, ఆవు చెవి ట్యాగు నంబరు, వేసిన టీకా బ్యాచి నంబరు, 2009 చట్టం ప్రకారం తెలియజేస్తున్నాం, పశువైద్యాధికారికి పంపగలరు. తిట్టడం, బతిమాలడం ఏమీ లేదు. రెండు కాపీలు తీసుకుపోయి గ్రామ సచివాలయంలో ఒకటిచ్చి రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకున్నాను. ఇంకొక కాపీ పశువుల ఆసుపత్రిలో.

నిజం చెప్తున్నా, కదలిక ఆ ముద్ర తర్వాతే వచ్చింది. చెవి ట్యాగు నంబరు, బ్యాచి నంబరు ఉన్నాయి కాబట్టి ఏదో కోపంతో రాసిన అర్జీలా కాకుండా కేసు కాగితంలా కనబడిందేమో. వారం తిరగకముందే పశువుల శాఖ వాళ్ళు ఊళ్ళో దండోరా వేయించి పెంపుడు కుక్కలన్నిటికీ టీకాలు వేశారు, వలలతో వీధికుక్కల్ని పట్టి వేశారు, వేసినవాటి వీపు మీద ఎర్ర రంగు చుక్క పెట్టారు. ఒక ఊళ్ళో కుక్కల్లో కనీసం 70 శాతానికి టీకా పడి ఉంటే రేబిస్ ఒకదాన్నుంచి ఒకదానికి పాకలేక ఆగిపోతుందని చెప్తారు, అందుకని వాళ్ళు ఇంటింటికీ లెక్క రాసుకున్నారు. కాటు పడిన గేదె ఇంకొకటి బయటపడింది అప్పుడే, ఆ ఇంటివాళ్ళు పసరు పోయించి ఊరుకున్నారు. దానికీ డోసులు మొదలుపెట్టారు.

టీకా వేసేటప్పుడు కుర్రాళ్ళు కొందరు, వేసేదెందుకు అన్నిటినీ చంపేస్తే పోలా అన్నారు. అది కుదరదు. 2023 మార్చిలో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధికుక్కల్ని పట్టి, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, మళ్ళీ అక్కడే వదలాలి. రేబిస్ అనుమానం ఉన్నదాన్ని విడిగా బంధించి, అదే అయితే దానంతటదే చనిపోయేదాకా ఉంచాలి, సాధారణంగా 10 రోజుల్లోపే పోతుంది. సుప్రీంకోర్టు కూడా 2025 ఆగస్టు 22న దాదాపు ఇదే చెప్పింది, రేబిస్ ఉన్నవి, అనుమానం ఉన్నవి, మనుషుల మీద పడే రకం మాత్రం తిరిగి వీధిలో వదలొద్దు అని. నాకైతే పల్లెల్లో ఆపరేషన్ల సంగతి దేవుడెరుగు, ముందు టీకాలైనా ఏటా పడితే చాలనిపిస్తుంది. చంపితే ఖాళీ అయిన చోటికి వారంలో పక్క ఊరి కుక్కలొస్తాయి, వాటికి టీకా ఉందో లేదో ఎవరికి తెలుసు.

తిరుపతిలో బుజ్జిగాడి పని వేరే. వాడికి కార్పొరేషన్ లైసెన్సు తీసుకుందామని ఎప్పటినుంచో అనుకుంటున్నాం, ఈ దెబ్బతో కదిలాం. అడిగినవి పెద్దగా ఏమీ లేవు, ఆధార్, చిరునామా, కుక్క ఫోటో, టీకా సర్టిఫికెట్. చిక్కంతా ఆ చివరిదానితోనే. బూస్టర్ ఒక ప్రైవేటు క్లినిక్‌లో వేయించాం, వాళ్ళు కార్డులో తేదీ వేసి గీత గీసి ఇచ్చారు, డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు లేదు, ముద్ర లేదు, సీసా లేబులు అతికించలేదు. కాగితాలు చూసినామె కార్డు వెనక్కి ఇచ్చేసింది. అప్పుడు కోపం వచ్చింది గానీ ఆమె చెప్పింది న్యాయమే, ఇట్లాంటి కార్డు ఎవరైనా ఇంట్లో రాసుకోవచ్చు. క్లినిక్‌కు మళ్ళీ పోయి అన్నీ వేయించుకొచ్చాం. మీరు టీకా వేయించినప్పుడే ఈ నాలుగు చూసుకోండి: లేబులు, తేదీ, తర్వాతి డోసు తేదీ, నంబరుతో ముద్ర. రేపు మీ కుక్క ఎవరినైనా గీరినా, దాన్ని ఇంకోటి కరిచినా, టీకా ఉంది అని నోటితో చెప్పేదానికి విలువ లేదు, కార్డే చూస్తారు. కుక్కపిల్లకు మూడు నెలలు నిండాక మొదటిది, కొన్ని వారాలకు బూస్టర్, ఆ తర్వాత ఏటా.

మా అపార్టుమెంటులో ఒకాయన, ఎవరైనా కేసు పెడితే ఏమవుతుంది అని అడిగాడు. మన జంతువు వల్ల మనుషుల ప్రాణానికి ప్రమాదం రాకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291 సెక్షను ఉంది, ఆరు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆయన దగ్గర లాబ్రడార్ ఉంది, దానికి టీకా కార్డు లేదు. మరుసటి రోజు లిఫ్టులో కనబడి ఏ క్లినిక్ మంచిది అని అడిగాడు.

బుజ్జిగాడి 45 రోజులు అయిపోయాయి, మళ్ళీ బయటికి తీసుకుపోతున్నాం, మెడకు బిళ్ళ కూడా వచ్చింది. ఆవు ఐదు డోసులూ పూర్తయ్యాయి, మేత బాగానే తింటోంది, మేడం చెప్పినట్టు ఆరు నెలల దాకా గమనిస్తాం. చిన్నాయనకు ఆఖరి డోసు పడ్డాక కార్డు మీద పూర్తయింది అని రాసిచ్చారు, మళ్ళీ ఎప్పుడైనా కాటు పడితే మొదటి రోజు, మూడో రోజు రెండు డోసులు చాలంట, సీరం అక్కర్లేదంట, కాబట్టి ఆ కార్డును పట్టా పాస్‌బుక్కులతో పాటు పెట్టెలో పెట్టమన్నాను. ఊళ్ళో ఎర్ర చుక్క పడని కుక్కలు ఇంకా నాలుగైదు ఉన్నాయి, అందులో ఒకటి ఈనిన కుక్క, వల చూస్తే చాలు చెరుకు తోటలోకి దూరిపోతుంది. దానికి చిన్నమ్మ రోజూ అన్నం పెట్టి మచ్చిక చేస్తోంది, పిల్లలకు మూడు నెలలు నిండగానే అన్నిటికీ కలిపి వేస్తానని రైతు సేవా కేంద్రం అబ్బాయి ఒప్పుకున్నాడు, సీసాలు నేను తిరుపతి నుంచి ఫ్లాస్కులో తీసుకుపోవాలి.